పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పొగగొట్టంలోని కర్బనం సరుకుగా మారేదెలా?

పరిశ్రమల పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, దానితో రసాయనాలు, ఇంధనాలు, ఇటుకలు తయారుచేసే పద్ధతులను గత సంచికలో క్లుప్తంగా పరిచయం చేశాము. ఆ వ్యాసం చదివి హైదరాబాద్ నలుమూలల నుంచి పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము. ఉత్తరాలను కొంత కుదించాము, రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

*ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కార్బన్ డయాక్సైడ్ చాలా స్థిరమైన పదార్థమని, అది అంత సులభంగా చర్యలో పాల్గొనదని మా అధ్యాపకులు చెప్పారు. అలాంటి దాన్ని పరిశ్రమకు ముడిసరుకు అనడం ఎంతవరకు సరైనది?*
— విద్యార్థిని, ఉప్పల్

మీ అధ్యాపకులు చెప్పింది నిజమే. పొయ్యిలో కట్టె కాలిపోయాక బూడిద మిగులుతుంది, ఆ బూడిదను మళ్ళీ ఎంత ఎగదోసినా మంట రాదు. కర్బనం విషయంలో కార్బన్ డయాక్సైడ్ అలాంటి బూడిదే. ఇవ్వవలసిన వేడినంతా ఇచ్చేసి, ఇక కాలడానికి ఏమీ మిగలని స్థితి అది. అయితే బూడిద కూడా ఒకప్పుడు అంట్లు తోమడానికి, పొలంలో చల్లడానికి పనికొచ్చింది కదా. దానితో ఏం చేయాలనుకుంటున్నామన్న దాన్నిబట్టే పని తేలికో కష్టమో తేలుతుంది.

ఈ రంగంలో వినిపించే ప్రతి మాటనూ అంచనా కట్టడానికి పనికొచ్చే తేడా ఒకటుంది, దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను పీకివేయకుండా, ఉన్నదున్నట్టుగా ఇంకో అణువుకు అతికించే చర్యలు కొన్ని ఉన్నాయి. వీటికి పెద్దగా శక్తి అక్కర్లేదు. కార్బొనేట్లు ఈ కోవలోవే. యూరియా తయారీలో ఒక ఆక్సిజన్ నీటిగా బయటికి పోయినా, దానికీ పెద్దగా శక్తి అక్కర్లేదు కనుక అదీ ఇందులోకే వస్తుంది. అమ్మోనియాతో కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడిలో కలిపి యూరియా చేస్తారు. టన్ను యూరియాలోకి సుమారు 730 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. మన రామగుండంలోని ఎరువుల కర్మాగారం ఈ పనే చేస్తోంది. అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీసేటప్పుడు అక్కడే పుట్టే కార్బన్ డయాక్సైడ్ అక్కడే యూరియాలోకి వెళుతుంది.

ఇంకో ఉదాహరణ మీ ఇంటి మందుల డబ్బాలోనే ఉంది. ఫినాల్ సోడియం లవణాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో ఒత్తిడిలో వేడిచేస్తే సాలిసిలిక్ ఆమ్లానికి దారి పడుతుంది. 19వ శతాబ్దంలో కోల్బె, ష్మిట్ అనే జర్మన్ రసాయనవేత్తలు రూపొందించిన ఈ చర్య నేటికీ వాడుకలో ఉంది. ఆ సాలిసిలిక్ ఆమ్లం నుంచే ఆస్పిరిన్ తయారవుతుంది. ఆస్పిరిన్ అణువులో 9 కర్బన పరమాణువులు ఉంటే, అందులో ఒకటి ఈ దారిలో కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినదే. మందుల పరిశ్రమకు పేరుపడిన ఊళ్ళో రసాయనశాస్త్రం చదువుతున్న మీరు ఈ చర్యను నోట్సులో రాసుకుని వదిలేయకుండా, ప్రతి పరమాణువు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో గీసి చూడండి.

రెండో రకం చర్యల్లో ఆక్సిజన్‌ను తీసివేసి హైడ్రోజన్‌ను చేర్చాలి. మిథనాల్, పెట్రోలు వంటి ఇంధనాలు ఈ కోవలోకి వస్తాయి. ఇది బూడిదను మళ్ళీ కట్టెగా మార్చడమే. మంటలో బయటికి పోయిన శక్తినంతా, దారిలో జరిగే నష్టాలతో కలిపి, తిరిగి చెల్లించుకోవాలి. ఎంత మంచి ఉత్ప్రేరకమైనా చర్యను వేగవంతం చేసి, అనవసరపు ఖర్చును తగ్గిస్తుందేగాని ఈ బాకీని మాఫీ చేయలేదు. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థలో, అంటే మనం ఐఐసీటీ అనే చోట, ఉత్ప్రేరకాల పరిశోధనకు దీర్ఘకాలపు సంప్రదాయం ఉంది. వీలైతే ఆ విభాగాన్ని ఒకసారి చూసి రండి.

*ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న రసాయన యూనిట్ ఉంది. ఆవిరి కోసం రోజుకు సుమారు 10 టన్నుల బొగ్గు కాలుస్తాము. ఈమధ్య ఒక ఏజెంటు వచ్చి, మా బాయిలర్ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి మిథనాల్‌గా మార్చే యంత్రం పెడతామని, ఆ మిథనాల్‌ను మేమే ద్రావణిగా వాడుకోవచ్చని, మూడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుందని కొటేషన్ ఇచ్చి వెళ్ళాడు. అందులో కరెంటు ఖర్చు ఎక్కడా కనిపించలేదు. నమ్మవచ్చా?*
— యూనిట్ యజమాని, జీడిమెట్ల

కరెంటు ఖర్చు రాయకపోవడాన్ని మీరు గమనించడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఈ వ్యవహారమంతా ఆ ఒక్క అంకె మీదే నిలబడి ఉంది. మనమే లెక్క వేసి చూద్దాం.

మన బొగ్గులో కర్బనం 40 శాతం అనుకుంటే, 10 టన్నుల్లో 4 టన్నుల కర్బనం ఉంటుంది. 12 కిలోల కర్బనం కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, మీ పొగగొట్టం నుంచి రోజుకు 14.7 టన్నుల వరకు వెళుతోంది. దాన్నంతా మిథనాల్‌గా మార్చగలిగితే 10.7 టన్నుల మిథనాల్ వస్తుంది. ఇంతవరకు ఏజెంటు చెప్పింది వినడానికి బాగానే ఉంటుంది. కాని ప్రతి టన్ను మిథనాల్‌కు 190 కిలోల దాకా హైడ్రోజన్ కావాలి, అంటే మీకు రోజుకు 2 టన్నులు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి కిలోకు 50 నుంచి 55 యూనిట్లు ఖర్చవుతాయి. మొత్తం రోజుకు లక్ష యూనిట్లు దాటుతుంది. యూనిట్ 6 రూపాయలే అనుకున్నా, టన్ను మిథనాల్ మీద కరెంటు ఖర్చు ఒక్కటే 58,000 రూపాయలు పడుతుంది. సహజవాయువుతో తయారై దిగుమతయ్యే మిథనాల్‌ను మీరిప్పుడు టన్ను ఎంతకు కొంటున్నారో మీ బిల్లులే చెబుతాయి.

మరో వైపు నుంచి చూడండి. మీ 10 టన్నుల బొగ్గులో ఉన్న వేడి, కిలోకు 4,000 కిలోకేలరీల లెక్కన, సుమారు 46,500 యూనిట్లకు సమానం. అందులోంచి వచ్చిన పొగను ఇంధనంగా మార్చడానికి దానికి రెట్టింపుకు పైగా విద్యుత్తు పెట్టాలి. ఆ విద్యుత్తు కూడా బొగ్గు కరెంటే అయితే, ఇక్కడ పట్టిన దానికంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఇంకెక్కడో విద్యుత్ కేంద్రం దగ్గర గాలిలో కలుస్తుంది. సౌర విద్యుత్తుతోనే నడుపుతామంటే, మన ఎండకు మెగావాట్‌కు రోజుకు 4,000 యూనిట్ల పైచిలుకు వస్తుందనుకున్నా, 25 మెగావాట్ల ఫలకాలు, వాటికి సుమారు వంద ఎకరాలు కావాలి. జీడిమెట్లలో వంద ఎకరాలు!

పొగ నుంచి వాయువును వేరుచేయడం కూడా ఉచితంగా జరిగే పని కాదు. పొగను అమీన్ (అమ్మోనియా కుటుంబానికి చెందిన రసాయనం) ద్రావణం గుండా పంపితే అది కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఆ ద్రావణాన్ని సుమారు 120 డిగ్రీలకు వేడిచేస్తే వదిలేస్తుంది. 1930 నాటి పేటెంటు ఇది, పాత, నమ్మకమైన పద్ధతి. అయితే ఆ వేడి మీ బాయిలర్ ఆవిరి నుంచే రావాలి. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు మూడున్నర గిగాజౌళ్ళ వేడి లెక్కన, మీరు తయారుచేసే ఆవిరిలో మూడో వంతు అక్కడే ఖర్చయిపోతుంది. పైగా బొగ్గు పొగలోని దుమ్ము, గంధకపు వాయువులు అమీన్‌ను పాడుచేస్తాయి కాబట్టి వాటిని ముందే కడగాలి. ఆ కొటేషన్‌లో ఈ కడిగే ఏర్పాటు ఉందో లేదో చూడండి.

ఇంతమాత్రాన ఈ విద్య అంతా బూటకమని అనుకోవద్దు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ, రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి 10 టన్నుల మిథనాల్ చేసే ప్రయోగాత్మక కేంద్రాన్ని చేపట్టింది. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన జార్జ్ ఓలా కేంద్రం విస్తరణ తరువాత ఏడాదికి 4,000 టన్నుల మిథనాల్ చేసే స్థాయికి చేరింది, ఎందుకంటే భూగర్భ ఆవిరితో పుట్టే చవక విద్యుత్తు, దాదాపు సిద్ధంగా బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. మన హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్‌లో 2021లో వెలుగులోకి వచ్చిన మిథనాల్ ప్రయోగాన్ని కూడా చాలామంది ఇందులో కలిపేస్తుంటారు. అది బూడిద ఎక్కువగా ఉండే బొగ్గును వాయువుగా మార్చి మిథనాల్ చేసే పద్ధతి, పొగను పట్టేది కాదు. మీ ఏజెంటు ఆ పేరు చెప్పి ఉంటే ఈ తేడాను ఆయనకు గుర్తుచేయండి.

మీలాంటివారు నిజంగా తెలుసుకోవలసిన ఉదాహరణ తూత్తుకుడిలో ఉంది. అక్కడి ఆల్కలీ కర్మాగారంలో 2016 నుంచి బొగ్గు బాయిలర్ పొగను పట్టి, ఆ కార్బన్ డయాక్సైడ్‌ను సోడా యాష్ (గాజు, సబ్బుల తయారీలో వాడే సోడియం కార్బొనేట్) తయారీలో వాడటం మొదలుపెట్టారు. ఏడాదికి 60,000 టన్నులు పట్టేలా దాన్ని రూపొందించారు. వారు ఇంధనం జోలికి పోలేదు. తమ తయారీకి ఎలాగూ కొనవలసిన వాయువునే తమ పొగలోంచి తీసుకున్నారు. కాబట్టి మీ యూనిట్‌లో ఏదైనా చర్యకు, తటస్థీకరణకు, కార్బొనేట్ తయారీకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు కొంటున్నారా అని ముందు చూసుకోండి. కొంటుంటే, అంతమేరకు ఆలోచించవచ్చు. కొనకపోతే ఆ డబ్బును వృథాగా పోయే ఆవిరి నీటిని తిరిగి బాయిలర్‌కు చేర్చడానికి, పైపులకు వేడి పోకుండా చుట్టించడానికి, పొగలోని వేడితో ఫీడ్ నీటిని కాచుకోవడానికి పెట్టండి. కాల్చకుండా మిగిలిన బొగ్గు నుంచి పట్టవలసిన పొగ రాదు. మీరు సంతకం పెట్టకముందే రాయడం నాకు నిజంగా ఊరట కలిగించింది.

*ప్రశ్న: మియాపూర్ దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాము. కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్న సిమెంటు బ్లాకులని చెప్పి ఒకరు కాస్త ఎక్కువ ధరకు ఇస్తామంటున్నారు. మా మేస్త్రీ మాత్రం, గాలి సోకితే సిమెంటు దెబ్బతిని ఇనుము తుప్పు పడుతుందని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?*
— గృహిణి, మియాపూర్

ఇద్దరి మాటలోనూ నిజముంది, వారు చెబుతున్నవి వేర్వేరు సంగతులు. ముందుగా చార్మినార్‌ను తలచుకోండి. 1591లో రాతితో, సున్నంతో కట్టిన ఆ కట్టడంలో, తడి సున్నం ఏళ్ళ తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడింది. మన పెద్దలు డంగు సున్నం గోడ ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుందని అన్నది అందుకే. ఇప్పుడు బ్లాకులను మూసిన గదిలో పెట్టి, పట్టి తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను అందించి, ఆ పనినే కొద్ది గంటల్లో జరిగేలా చేస్తున్నారు. అలా బ్లాకులో చేరిన కర్బనం రాయిగా మారిపోతుంది కాబట్టి తిరిగి గాలిలోకి రాదు. పట్టిన కర్బనానికి ఇంతకంటే భద్రమైన చోటు మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే ఒక మెలిక ఉంది. టన్ను సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయి 560 కిలోల సున్నం మిగులుతుంది. ఆ సున్నం తరువాత ఎంత పీల్చుకున్నా, పోయిన ఆ 440 కిలోలకు మించి తీసుకోలేదు, బట్టీలో కాల్చిన ఇంధనపు పొగ అదనంగా మిగిలే ఉంటుంది. సిమెంటుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కాబట్టి బ్లాకు ఎంత పీల్చుకుందన్నది అడిగి ఊరుకోకుండా, అందులో సిమెంటు ఎంత తగ్గించారని అడగండి. ఉక్కు కర్మాగారపు స్లాగ్ (లోహం తీశాక మిగిలే చిట్టెం) వంటి, కాల్షియం ఉన్న వ్యర్థాలతో చేసినవైతే లాభం నిజమైనది.

మేస్త్రీ భయం స్లాబు, పిల్లర్ల విషయంలో సరైనదే. కాంక్రీటులోని క్షారగుణమే లోపలి చువ్వలకు కవచం. కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగేకొద్దీ ఆ గుణం తగ్గి చువ్వలు తుప్పు పడతాయి. చువ్వలు లేని గోడ బ్లాకులకు ఆ బెడద లేదు. గోడలకు వాడుకోండి, కాని కాంక్రీటు బ్లాకులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం బలం పరీక్షించిన ల్యాబ్ కాగితం చూపించమని అడిగి, చూశాకే డబ్బు కట్టండి.

*ప్రశ్న: సనత్‌నగర్‌లో ఐస్‌క్రీమ్ బండ్లకు, పెళ్ళి భోజనాల కేటరింగ్‌కు డ్రై ఐస్ సరఫరా చేస్తాను. నేను అమ్మేది కూడా పట్టిన కర్బనమేనా?*
— వ్యాపారి, సనత్‌నగర్

చాలావరకు అంతే. మైనస్ 78 డిగ్రీల ఆ గడ్డ, అమ్మోనియా కర్మాగారాల్లోనో, డిస్టిలరీల్లోనో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను శుద్ధిచేసి గడ్డకట్టించినదై ఉంటుంది. అయితే మీ డబ్బాలోంచి అది మరుసటి రోజుకే గాలిలో కలిసిపోతుంది కనుక, వాతావరణానికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఇందులో గమనించదగిన విషయం డిస్టిలరీలే. మొక్కజొన్న, నూకలు పులియబెట్టి టన్ను ఇథనాల్ చేస్తే సుమారు 950 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాదాపు స్వచ్ఛంగా వస్తుంది. అమీన్ ద్రావణం, 120 డిగ్రీల వేడి ఏవీ అక్కర్లేదు. పైగా అది మొక్క ఆ ఏడాదే గాలిలోంచి తీసుకున్న కర్బనం. తెలంగాణలో పట్టిన కర్బనంతో ఏదైనా మొదలుపెట్టాలంటే, బొగ్గు పొగకంటే ముందు ఇక్కడే మొదలుపెట్టాలని నేను గట్టిగా అంటాను.

*ప్రశ్న: జీవితమంతా విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ పట్టే యంత్రాల పేరు చెప్పి బొగ్గును ఇంకో యాభై ఏళ్ళు కాల్చుకుంటూ పోవడానికి సాకు వెతుకుతున్నారని నా అనుమానం. మీరేమంటారు?*
— పదవీ విరమణ చేసిన ఉద్యోగి, పద్మారావునగర్

అయ్యా, మీ అనుమానానికి ఆధారముంది. ప్రపంచంలో ఇంధనాల వల్ల, పరిశ్రమల వల్ల ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. పరిశ్రమలు వాడుకుంటున్నది సుమారు 23 కోట్ల టన్నులు. అందులోనూ పెద్ద వాటా యూరియాకు, చమురు బావుల్లోంచి మిగిలిన చమురు తోడటానికి పోతోంది. యూరియా పొలంలో కరిగిన కొద్ది రోజులకే తనలోని కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. కాబట్టి విద్యుత్ కేంద్రాల పొగనంతా సరుకులుగా మార్చేస్తామని ఎవరన్నా నేను ఒప్పుకోను. సౌర విద్యుత్తు దొరికినప్పుడు, దానితో బొగ్గు కేంద్రాన్ని ఆపగలిగే అవకాశం ఉండగా, ఆ కేంద్రపు పొగను ఇంధనంగా మార్చడానికి దాన్ని ఖర్చుచేయడం అన్యాయం.

అయినా ఈ విద్య మనకు అవసరమని నేను నమ్మడానికి కారణం వేరే. బొగ్గు కాల్చడం పూర్తిగా ఆగిపోయిన రోజున కూడా మనకు మందులు, రంగులు, పరుపులు, పైపులు, జిగురులు కావాలి. వీటి ఒంట్లోనే కర్బనం ఉంటుంది. విద్యుత్తుకు సూర్యుడున్నాడు, గాలి ఉంది. కాని ఒక మాత్రలోని కర్బన పరమాణువు స్థానంలో ఎండను పెట్టలేము. ఇప్పుడు ఆ కర్బనం దాదాపు అంతా ముడిచమురు, సహజవాయువు, బొగ్గు నుంచే వస్తోంది. రేపు అది మొక్కల నుంచో, పాత ప్లాస్టిక్ నుంచో, పట్టిన కార్బన్ డయాక్సైడ్ నుంచో రావాలి. జర్మనీలోని డోర్మాగెన్‌లో 2016 నుంచి పరుపుల నురుగుకు కావలసిన ముడిపదార్థంలో ఐదో వంతు వరకు కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి తయారుచేస్తున్నారు. హర్యానాలోని పానీపత్ రిఫైనరీలో బయటికి పోయే వాయువును సూక్ష్మజీవులకు ఆహారంగా ఇచ్చి ఇథనాల్ తీసే కేంద్రాన్ని ఇండియన్ ఆయిల్ నెలకొల్పింది. ఇవి చిన్నవే. పటాన్‌చెరు, బొల్లారంలోని మందుల కర్మాగారాలు టన్నులకొద్దీ ద్రావణులు కొంటాయి. ఆ ద్రావణుల్లో కర్బనం ఎక్కడినుంచి వస్తోందని అవి అడగడం మొదలుపెట్టాలని నా కోరిక. మీలా విద్యుత్ రంగం లోతుపాతులు తెలిసినవారు ప్రతి కొత్త ప్రతిపాదనను రెండు ప్రశ్నలతో నిలదీయాలి. కరెంటు ఎక్కడిది? ఆ సరుకులో కర్బనం ఎన్నేళ్ళు ఉంటుంది?

*ప్రశ్న: మలక్‌పేటలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. కర్బనాన్ని పట్టడం, తిరిగి వదిలించడం అనే సంగతిని తొమ్మిదో తరగతి పిల్లలకు ఖర్చు లేకుండా చూపించే ప్రయోగం ఏదైనా ఉందా?*
— ఉపాధ్యాయురాలు, మలక్‌పేట

ఉందండీ. మా తరం బడిలో దీన్ని బొగ్గుపులుసు వాయువు అని చదువుకుంది, అప్పటి ప్రయోగమే ఇప్పటికీ పనికొస్తుంది. తాంబూలంలో వేసుకునే సున్నం ఒక చెంచాడు తీసుకుని, గాజు సీసా నిండా నీళ్ళలో కలిపి, మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైకి తేరిన తేటను మెల్లగా వంపుకోండి. ఆ తేటలోకి స్ట్రాతో ఊపిరి ఊదితే నిమిషంలోపే పాలలా తెల్లబడుతుంది. పిల్లల ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సుద్దగా మారిందన్నమాట. మియాపూర్ పాఠకురాలి బ్లాకులో జరిగేదీ ఇదే. ఆపకుండా ఇంకా ఊదుతూ ఉంటే తెలుపు తగ్గుతూ వచ్చి మళ్ళీ తేటబడుతుంది. ఇప్పుడు ఆ నీరు మరింత వాయువును తనలో కరిగించుకుని పట్టి ఉంచింది. దాన్ని వేడిచేస్తే బుడగలు లేచి, పట్టిన వాయువు వెళ్ళిపోయి, నీరు తిరిగి మసకబారుతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టడం, వేడిచేసి వదిలించడం అన్న వరస అమీన్ ద్రావణంలోనూ కనిపిస్తుంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరను పిల్లలు ఇంట్లో చూసే ఉంటారు, అదీ ఇలా వచ్చినదే.

రెండు జాగ్రత్తలు తీసుకోండి. సున్నపు తేట కంటికి, నోటికి ప్రమాదం కాబట్టి పిల్లలు ఊదాలేగాని పొరపాటున కూడా పీల్చకుండా మీరు దగ్గర నిలబడండి. సున్నం కొత్తది తెప్పించండి. మూత తీసి ఎన్నో రోజులు వదిలేసిన డబ్బాలోది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను అప్పటికే తీసుకుని సుద్దగా మారిపోయి ఉంటుంది, దాని తేటలోకి ఎంత ఊదినా తెల్లబడదు.